పరుపుల తాత ఇంటి అల్లుడు

మా పక్కింటి పరుపుల తాత పోయిన నెల చనిపోయారు. పెద్దవాళ్లు పోయినప్పుడు కొన్నాళ్లు ఆగి, మనసు కుదుటపడ్డాక నాలుగు మాటలు రాసుకోవచ్చు. నేను ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఆయన్ని ఆయన పెంచుకున్న కుక్కే చంపిందని మా వీధిలో ఒక మాట పుట్టింది. అది నిజం కాదు. వచ్చే నెల పదో తేదీన ఆయనుండిన అద్దె షెడ్డుని కూతురివాళ్లు ఖాళీ చేస్తారు. ఆ రోజుకి కుక్కకి ఎక్కడా చోటు దొరక్కపోతే దాన్ని తీసుకెళ్లి సముద్రం ఒడ్డున వాడరేవులో వదిలేస్తామని వీధివాళ్లు తేల్చి చెప్పారు. అందుకని ఆయన గురించీ, ఆ కుక్క గురించీ నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

మా ఊరు అద్దంకి వెళ్లే రోడ్డు మీద ఉంది. తాతది రేకుల షెడ్డు. ముందు సగంలో దూదేకే మిషను, వెనక సగంలో కాపురం. భార్య చాలా ఏళ్ల కిందటే పోయింది. ఒక్కతే కూతురు, పెళ్లయ్యి అద్దంకిలో ఉంటుంది. ఆ షెడ్డు గోడకి ఆనుకునే మా ఇల్లు. మా నాన్న ట్రాక్టరు తోలతారు, అమ్మ మిరప కోతలకి వెళ్తుంది, కోతలు లేనప్పుడు ఇంటి దగ్గరే కాయలకి తొడిమలు తీస్తుంది. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతూ లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను.

పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని మిషన్లో ఏకి, ఎండలో వేసి, కొత్త గుడ్డలో నింపి కుట్టడం తాత పని. స్పాంజి పరుపులొచ్చాక గిరాకీ తగ్గింది. అయినా పెళ్లి పరుపు కావాలన్నా, బాలింతకి మెత్తటి పరుపు కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. "పాత పరుపు విప్పితే ఆ ఇంటి సంగతులన్నీ బయటపడతాయమ్మాయ్. చూడాలి, చూడనట్టు కుట్టాలి" అనేవారు నాతో. మా వీధిలో ఎవరి పరుపులో ఏం కనపడిందో ఆయన ఒక్కనాడూ నోరు జారలేదు. కుక్క ఊసెత్తితే మాత్రం ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు వచ్చిందది. పత్తి తీతల కాలం. ఏదో పత్తి లారీ వెనక పడి వచ్చి ఉంటుందని అనుకున్నాం. నల్లది, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చి లోపలికి కాలు పెట్టబోయింది. లోపల నేలంతా ఏకిన దూది పరిచి ఉంది. తాత మిషను ఆపకుండానే చెయ్యి చూపించి, "అక్కడే ఆగు. లోపలికి రామాక" అన్నారట. అది గడప అవతలే కూర్చుంది. మధ్యాహ్నం ఆయన అన్నం తినేదాకా కదల్లేదు. ఒక ముద్ద పెడితే తిని, మళ్లీ అక్కడే పడుకుంది.

సాయంత్రం మా అమ్మ చూసి, ఎవరిది బాబాయ్ ఈ కుక్క, అని అడిగింది.

"పిలవకుండా వచ్చింది. గుమ్మంలో కూర్చుంది. పెట్టిందాకా లేవలేదు. తిన్నాక పని చెయ్యలేదు. అల్లుడై ఉంటదమ్మా" అన్నారు తాత.

ఆ పూట నుంచి దాని పేరు అల్లుడు. టామీ అనీ, టైగర్ అనీ వీధి పిల్లలు మార్చాలని చూశారు గానీ అది పలకలేదు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర తాతని ఎవరో ఒకరు పలకరించేవారు, "ఏంది, అల్లుడు లేచాడా?" అని. "లేచాడు. కాఫీ ఇంకా రాలేదని అలిగాడు" అని ఈయన జవాబు.

ఆ కుక్క గడప దాటకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి దూది. పరుపులో కుక్క వెంట్రుక ఒక్కటి కనపడినా మళ్లీ ఆ ఇంటి నుంచి బేరం రాదు. రెండోది నమాజు. తాత వాళ్లు దూదేకుల వాళ్లు. ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగు, శుక్రవారం మసీదుకి వెళ్తారు. ఇంట్లోకి కుక్కని రానివ్వరు, నమాజుకి కట్టుకునే బట్టలకి దాని తడి తగలనివ్వరు. తాత ఈ రెండింటినీ కచ్చితంగా పాటించారు. మసీదుకి కట్టుకునే తెల్ల చొక్కా, లుంగీ వెనక గదిలో మేకుకి వేలాడేవి. శుక్రవారం అవి కట్టుకుని వెనక తలుపు లోంచి వెళ్లిపోయేవారు. ముందు గుమ్మంలోంచి వస్తే అది ఎగిరి మీద పడుతుందని తెలుసు. వారమంతా తన కళ్ల ముందు తిరిగే మనిషి ఆ ఒక్కపూట ఎటు పోయాడో అర్థంకాక అది గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగేది. ఆయన మసీదు నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, ముందు తలుపు తీసి, "ఎక్కడికీ పోలేదురా, ఇక్కడే ఉన్నా" అని అబద్ధం చెప్పేవారు.

మసీదు పెద్దాయన ఒకసారి షెడ్డు ముందు ఆగి, కుక్క ఎందుకయ్యా నీకు, అని అడిగారు. కాపలాకి అన్నారు తాత.

"నీ దగ్గర కాపలా కాయడానికి ఏముందిరా, దూదా?"

"నేను లేనా? నన్ను కాయొద్దా?"

పెద్దాయన నవ్వారు. వెళ్తూ వెళ్తూ, లోపలికి మాత్రం రానియ్యకు అన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు, అది మా వీధిలో అందరికీ తెలుసు. చలికాలంలోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ చూరు కింద వేసిన గోనెపట్టా మీద పడుకునేది గానీ గడప ఇవతలికి పాదం పెట్టలేదు. దానికి గొలుసు కట్టడం నేను చూడలేదు. తాత అన్నం తినడం చూస్తే మాత్రం నవ్వొచ్చేది. గడప మీద కూర్చుంటే కంచం లోపల, కాళ్లు బయట. ఆయన పాదం మీద దాని గడ్డం. తిన్నాక మోకాళ్ల దాకా శుభ్రంగా కడుక్కుని లోపలికెళ్లేవారు. ఎండాకాలం నీళ్లకి ఇబ్బంది పడే రోజుల్లో మా అమ్మ కసిరేది. ఆ గడ్డం ఒక్కటి పక్కన పెట్టించు బాబాయ్, నాలుగు చెంబుల నీళ్లు మిగులుతాయి, అని. "నీళ్లదేముందే, ట్యాంకరొస్తది. దానికి అక్కడ పెట్టుకుంటేనే నిద్ర" అనేవారు.

నేను చదువుకున్నది ఎక్కువగా ఆ గడప పక్కనే. మా ఇంట్లో ఎండుమిరపకాయలు కుప్పపోసి తొడిమలు తీస్తుంటే ఘాటుకి కళ్లు మండేవి, తుమ్ములు ఆగేవి కావు. పుస్తకాలు పట్టుకుని తాత చూరు కిందకి వెళ్లేదాన్ని. నేను పైకి చదువుతుంటే ఆయన మిషను ఆపి వినేవారు. అర్థం కానిది ఉంటే, "ఏదీ, అల్లుడికి చెప్పు. వాడికి అర్థమయ్యేట్టు చెబితే నాకూ అర్థమవుద్ది" అనేవారు. సంధులూ సమాసాలూ నేను మొదట చెప్పింది ఆ కుక్కకే. అది వాలిన చెవి వాలినట్టే ఉంచి, రెండోది నిక్కించి వినేది. ఇవాళ క్లాసులో వెనక బెంచీ పిల్లలకి అర్థం కాలేదనిపిస్తే నేను మళ్లీ మొదటి నుంచి చెబుతాను. టీచరు శిక్షణలో కూడా ఆ మాట నేర్పారు గానీ, అప్పటికే నాకు అలవాటైపోయింది.

డిగ్రీకి హాస్టల్లో చేరేటప్పుడు తాత నాకు పరుపు కుట్టిచ్చారు. మంచం ఇనుపదా, చెక్కదా అని ముందే కనుక్కున్నారు. ఇనుపదంటే, ఊచలు వీపుకి తగలకుండా నడిమధ్యలో కాస్త ఎక్కువ దూది పెట్టారు. ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాను.

ఇక అసలు అల్లుడి సంగతి చెప్పాలి. తాత కూతురి భర్త అద్దంకిలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతాడు. నెమ్మదస్తుడు. ఒకసారి కుక్కకి జబ్బు చేసింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరుకి తాత ఫోన్ చేశారు. ఆయన ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినపడేది. "అల్లుడు నిన్నటి నుంచి ముద్ద ముట్టట్లేదండి. ముక్కు ఎండిపోయింది. కళ్లు తేలేస్తన్నాడు. మీరొచ్చి ఒక సూది వేసి పోవాల" అంటున్నారు. అదే సమయానికి అద్దంకి నుంచి పరుపు తీసుకెళ్లడానికి ఒకావిడ వచ్చి ఉంది. అసలు అల్లుడి మేనత్తకి ఆవిడ బాగా తెలుసు. పరుపు ఆటోలో వేయించుకుని నేరుగా ఆ మేనత్త ఇంటికి వెళ్లింది.

సాయంత్రానికి అల్లుడి ఇంటి ముందు చుట్టాలు పోగయ్యారు. బత్తాయిలు తెచ్చినవాళ్లు, కొబ్బరి బోండాలు తెచ్చినవాళ్లు. మేనత్త ఏడుస్తూ మెట్లెక్కి చూస్తే ఆయన మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతున్నాడు. ముక్కు పట్టుకుని చూసిందట, ఎండిందా లేదా అని. సంగతి బయటపడ్డాక పక్క దుకాణం వాళ్లు ఆయన్ని, సూది వేయించుకున్నావా, అని కొన్నాళ్లపాటు ఏడిపించారు.

మర్నాడు పొద్దున్నే ఆయన బండి మీద మా వీధికొచ్చాడు. గొంతు పెంచలేదు గానీ మొహం ఎర్రగా ఉంది.

"మామా, నన్ను కుక్కని చేశావా?"

"లేదు బాబూ. కుక్కని అల్లుణ్ణి చేశాను" అన్నారు తాత.

వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు, ఆ ఏడాది రంజాన్‌కి కూడా రాలేదు. తాత ఆ మాటకి చాలా బాధపడ్డారు. జనం ముందు అలా అని ఉండకూడదని మా నాన్నతో అన్నారు. పేరు మారుద్దామని కొన్నాళ్లు దాన్ని "ఒరేయ్" అని పిలిచి చూశారు. అది తల కూడా తిప్పేది కాదు.

కూతురికి బాబు పుట్టాక అల్లుడు తనే వచ్చాడు, పిల్లాడికి చిన్న పరుపు కావాలని. తాత లోపల దూది మధ్యలో ఉన్నారు. అల్లుడు చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టబోతే, "ఆగు బాబూ, ఏకిన దూది. తొక్కుడు పడుద్ది" అన్నారు. ఆయన గడప అవతలే కూర్చోవాల్సి వచ్చింది. పక్కన కుక్క. ఇద్దరూ చాలాసేపు లోపలికి చూస్తూ కూర్చున్నారు. నేను అప్పుడు సెలవులకొచ్చి అక్కడే ఉన్నాను. ఎవరు మొదట కదులుతారా అని చూస్తున్నాను. చివరికి ఆయనే దాని వైపు తిరిగి, "ఏం తోడల్లుడూ, నీకూ ఇంతేనా మర్యాద?" అన్నాడు.

లోపల తాత దూది పట్టుకునే నవ్వడం మొదలుపెట్టి, ఆ దుమ్ముకి దగ్గు తెర వచ్చి, నేను మంచినీళ్లు ఇస్తే గానీ తేరుకోలేదు. ఆ తర్వాత ఏటా దానికి పిచ్చి పట్టకుండా వేసే టీకాకి బండి మీద తీసుకెళ్లింది ఆ తోడల్లుడే. ఈ ఏడాది కూడా వేయించాడు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం తాత షెడ్డులో పడిపోయారు. ఆ రోజు అమ్మ ఇంటి దగ్గరే ఉంది. కుక్క అరుపు వినపడింది. రోజూ వినే అరుపే, కానీ వేరేగా ఉందని అమ్మ చెప్పింది. కాసేపటికి అర్థమైంది, అది వీధిలోంచి కాదు, షెడ్డు లోపలి నుంచి వస్తోందని. అమ్మ చేతిలో కాయలు పారేసి పరిగెత్తింది. తాత దూది మీద పక్కకి ఒరిగి ఉన్నారు. కుక్క లోపల ఉంది. కడుపు దాకా దూది అంటుకుని తెల్లగా ఉంది. ఆయన చొక్కా చెయ్యి నోట కరుచుకుని గుమ్మం వైపు లాగుతోంది. చొక్కా చిరిగింది. ఆయన రెండో చెయ్యి దాని మెడ మీద ఉందని అమ్మ చెప్పింది. "పెట్టాడో, పడిందో నాకు తెలవదు. ఊపిరైతే ఉంది" అంది.

అమ్మ కేకలకి వీధివాళ్లు వచ్చారు. వాళ్లు చూసింది ఇది: ఎన్నడూ లోపలికి రాని కుక్క లోపల ఉంది, మనిషి పడి ఉన్నాడు, చొక్కా చిరిగి దాని నోట్లో ఉంది. ఎత్తబోయిన వాళ్ల మీద అది గుర్రుమన్న మాటా నిజమే, అమ్మ కాదనదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. కానీ ఆటో తిరిగొచ్చేలోపే వీధిలో మాట పుట్టేసింది, కుక్కకి పిచ్చెక్కి పీకిందని.

ఖననానికి ముందు స్నానం చేయించిన వాళ్లలో మసీదు పెద్దాయన ఒకరు. ఒంటి మీద గోటి గీత కూడా లేదని ఆయన టీ కొట్టు దగ్గర అందరి ముందూ చెప్పారు. "అది ఆయన్ని బయటికి తెద్దామని చూసింది. మనం అప్పుడు అన్నం తిని పడుకున్నాం" అన్నారు. కొందరు నమ్మారు. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు భయపడుతున్నారు. వాళ్లని నేను తప్పుపట్టలేను. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు వచ్చి చూసి, దానికి ఏ జబ్బూ లేదని చెప్పి వెళ్లాక కూడా వాళ్ల భయం పోలేదు. మా వీధిలో ఆటో తోలే అన్న, "వాడరేవులో చేపలు ఎండేసే చోట వదిలొస్తా. మనకంటే బాగా తింటది" అంటున్నాడు. ఆయన మంచికే అంటున్నాడు. ఎండేసిన చేపల దగ్గరికి కొత్త కుక్కని ఎవరు రానిస్తారో నాకు తెలియడం లేదు.

ఆ రోజు తాతని ఆటోలో ఎక్కించాక షెడ్డు తలుపు తెరిచే ఉంది. కుక్క లోపలి నుంచి బయటికొచ్చి, గడప అవతల ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ లోపలికి వెళ్లలేదు. ఎవరూ వెళ్లగొట్టలేదు.

మేం చేతనైనంత చూశాం. ఖననం అయ్యాక అద్దంకి అల్లుడు దాన్ని తనతో తీసుకెళ్లాడు. వాళ్లది మేడ మీద అద్దె వాటా. అది మెట్లెక్కలేదు. కింద ఇంటి ఓనరు గుమ్మం ముందే కూర్చుంది. వాళ్లు ఒప్పుకోలేదు. ఆయన వెనక్కి తెచ్చి మా అమ్మకి అప్పజెప్పి, దాని తల నిమిరి వెళ్లిపోయాడు. మా అమ్మకి ఉంచుకోవాలనే ఉంది. కానీ షెడ్డు చూరు పదో తేదీ దాకానే, మా ఇంటికి అరుగు లేదు, వసారా లేదు. తలుపు తీస్తే రోడ్డే. లోపలికి రమ్మని అమ్మ అన్నం చూపించి పిలిచినా రాలేదు. నేను పోయిన ఆదివారం వెళ్లి, చేతుల్లో ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాను. నేలకి దించగానే లేచి బయటికి పోయి రోడ్డంచున కూర్చుంది. ఇప్పుడు కోతల కాలం. మిరప బస్తాలు వేసుకుని లారీలు, ట్రాక్టర్లు పగలంతా ఆ రోడ్డునే పోతున్నాయి. అమ్మ పనికి వెళ్లాక చూసేవాళ్లు లేరు. చర్చిలో అమ్మ, మా అల్లుడికి ఒక ఇల్లు దొరకాలి, ప్రార్థన చెయ్యండి, అని అడిగింది. ఆడవాళ్లంతా నా పెళ్లి ఎప్పుడైందని ఆశ్చర్యపోయారట.

అందువల్ల మీలో ఎవరైనా దాన్ని తీసుకుంటారేమో అని అడుగుతున్నాను. తాత కుట్టిన పరుపుల మీద పడుకుంటున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉంటాయి, వాళ్లయితే ఇంకా మంచిది. మరీ ముసలిది కాదు. అన్నం, మజ్జిగ తింటుంది. మాంసం లేకపోయినా అడగదు. మిరపకాయల దగ్గర తుమ్ముతుంది గానీ కల్లం కాపలాకి పనికొస్తుంది. పిల్లల్ని ఏమీ అనదు, నేను చూశాను. అల్లుడు అని పిలిస్తేనే పలుకుతుంది. మీ ఇంట్లో అల్లుళ్లుంటే ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇంట్లోకి రాదు. కొత్త చోటని మొదట్లో జాలిపడి లోపలికి లాగొద్దు, అది ఇబ్బంది పడుతుంది.

మీరు తీసుకునేట్టయితే వచ్చే నెల పదో తేదీ లోపు ఈ పత్రిక చిరునామాకి నా పేరున ఒక కార్డు రాయండి. నేనూ అద్దంకి అల్లుడూ దాన్ని తీసుకుని మీ ఊరొస్తాం. ఇల్లు పెద్దదా చిన్నదా, మీరేం చేస్తారు, ఏ కులం, ఏ మతం అన్నవి రాయనక్కర్లేదు. మీ గుమ్మం బయట కూర్చోవడానికి చోటుందో లేదో రాయండి. ఉంటే, మధ్యాహ్నం పూట అక్కడ నీడ ఎటువైపు పడుతుందో కూడా రాయండి.